‘పనిలో పనిగా’ గారికి ఒక ఉత్తరం

అయ్యా,

నమస్కారం. మీకు నేను గుర్తుండకపోవచ్చు. బిల్లులు వేసే చిన్న సాఫ్ట్‌వేర్ రాసి అమ్ముకునేవాణ్ణి. వస్తువు పేరు, ధర, పన్ను, మొత్తం, ప్రింట్. అంతే. కొన్నవాళ్లు మళ్లీ ఫోన్ చేసేవాళ్లు కాదు, మీరొచ్చేదాకా.

మొదట మందుల షాపాయన నోట్లోంచి ఊడిపడ్డారు. “ఎలాగూ బిల్లు వేస్తోంది కదండీ, పనిలో పనిగా ఎక్స్‌పైరీ డేటు కూడా చూపిస్తే...” న్యాయమే అనిపించింది. తర్వాత బట్టలాయనకి సైజులు, రంగులు. నగలాయనకి తరుగు, మజూరీ. సైకిళ్లు అద్దెకిచ్చే ఆవిడ మాత్రం ఇప్పటికీ కల్లోకొస్తుంది. ఆవిడ ఇచ్చిన వస్తువు సాయంత్రానికి తిరిగి రావాలి. మా ప్రోగ్రాము దాన్ని ‘సరుకు వాపసు’ అనుకుని, రోజూ ఆవిడ సంపాదనంతా సున్నా చేసి పెట్టేది.

వీళ్లలో ఎవరు అడిగిందీ తప్పు కాదు. మీ గొప్పతనం అక్కడే ఉంది.

ఒకరికి కావాల్సింది ఇంకొకరికి అడ్డు కాబట్టి, ప్రతిదానికీ ఒక ఆన్-ఆఫ్ స్విచ్ పెట్టాను. ఒక్కో స్విచ్‌కీ రకాలు రెట్టింపవుతాయి కాబట్టి, పది స్విచ్‌లంటే 1,024 రకాల సాఫ్ట్‌వేర్. ఇరవై అయ్యేసరికి 10,48,576. ఇన్నిటినీ టెస్ట్ చెయ్యడానికి ఉన్నది నేనూ, మా బావమరిదీ.

పెద్దపెద్దవాళ్లనే మీరు వదల్లేదు లెండి. 1961లో అమెరికా రక్షణ మంత్రి రాబర్ట్ మెక్‌నమారా చెవిలో ఊదింది మీరు కాదూ? వైమానిక దళానికి నేలకి దగ్గరగా దూసుకెళ్లి బాంబులు వేసే విమానం కావాలి. నావికాదళానికి ఓడ మీంచి లేచి గంటలతరబడి కాపలా కాసేది కావాలి. పనిలో పనిగా రెంటికీ ఒకటే చేద్దామన్నారు. అలా పుట్టిన ఎఫ్-111 వైమానిక దళానికి పనికొచ్చింది గానీ, నావికాదళం కోసం చేసిన రకం ఓడకి మరీ బరువైపోయింది. 1968లో ఏడింటితో ఆపేశారు.

తప్పంతా మీ మీదే తోసేయను. “అది మా పని కాదండీ” అనడానికి నాకు నోరు పెగల్లేదు. కష్టమర్ పోతాడేమోనని టెన్షన్, కొంచెం ఆశ కూడా. చివరికి నా మొట్టమొదటి కష్టమరే ఫోన్ చేసి, “ప్రింట్ బటన్ ఎక్కడుందండీ?” అన్నాడు. వెతకడానికి నాకే కాసేపు పట్టింది. ఆయన ఇప్పుడు కాగితం మీద రాసుకుంటున్నాడట.

ఆరోజే మీతో తెగతెంపులు అనుకున్నాను. మొన్న కంటి డాక్టరు దగ్గర అద్దాలు రాయించుకుని లేస్తూ, “పనిలో పనిగా ఈ మోకాలు కూడా...” అన్నాను.

ఆయన చీటీలోంచి తలెత్తకుండానే అడిగారు: “దానికీ అద్దాలేనా?”

ఇట్లు,
మీ బాధితుడు, మీ ఏజెంటు కూడా