ముద్దొచ్చే వీడియో గారికి ఒక ఫిర్యాదు

ముద్దొచ్చే వీడియో గారికి,

నిద్రొస్తోంది, ఇక ఫోన్ పక్కన పెడదాం అనుకున్నప్పుడే సరిగ్గా ప్రత్యక్షమయ్యే మీ టైమింగ్‌కి ముందుగా ఒక దండం. ఒంట్లో సగం తలకాయే, మొహంలో సగం కళ్ళే, బూరెబుగ్గలు, పొట్టి కాళ్ళు, రెండడుగులు వేసి బోర్లా పడటం, ఇంతే కదండీ మీ దగ్గరున్న సరుకు! దీనికే, ఇంట్లోవాళ్ళు జ్వరంతో మూలుగుతున్నా తల తిప్పని మహానుభావులు కూడా "నా బుజ్జి, నా బంగారం" అంటూ కరిగి నీరైపోతారు.

మీ గుట్టు 1943లోనే బయటపడింది లెండి. పసిపిల్లల పోలికలు కనబడగానే మనలో సాకాలనే ఆత్రం పుడుతుందని ఆస్ట్రియా శాస్త్రవేత్త కాన్రాడ్ లోరెంజ్ అప్పుడే రాశాడు. ఎవరో ఒకరు ఎత్తుకోకపోతే మనిషి బిడ్డ బతకదు కాబట్టి ఆ ఏర్పాటు సబబే. కానీ బిడ్డ కోసం పెట్టిన ఆ తాళం పిల్లికూన వచ్చినా, కళ్ళు పెద్దవిగా గీసిన బొమ్మ వచ్చినా తెరుచుకుంటుంది. మీ వ్యాపారమంతా ఆ సందులోనే.

మీకు వకాల్తా పుచ్చుకునేవాళ్ళూ ఉన్నారు. జంతువుల పిల్లల ఫోటోలు చూశాక మనుషులు పని మరింత జాగ్రత్తగా చేశారని 2012లో జపాన్ పరిశోధకులు తేల్చారట, అది చూపించి ఆఫీసులో దర్జాగా చూస్తారు. ఆ ప్రయోగంలో ఫోటోలు చూశాక అందరూ పనిలోకి దిగారండీ, ఇంకో నలభై వీడియోల్లోకి కాదు!

సరే, కాలక్షేపమే అయితే ఈ ఉత్తరం రాసేవాణ్ణే కాదు. దేవాంగపిల్లికి చుట్టమైన స్లో లోరిస్‌కి చంకలో గిలిగింతలు పెడితే చేతులు పైకెత్తుతుంది, అది చూసి జనం ఇంకా కావాలంటోందని మురిసిపోయారు, షేర్ల మీద షేర్లు. అసలు సంగతేంటంటే అది బెదిరినప్పుడు పట్టే భంగిమ, ఎందుకంటే మోచేతి దగ్గరి గ్రంథిలోంచి వచ్చే ద్రవం లాలాజలంతో కలిస్తేనే దాని విషం తయారవుతుంది. అమ్మేవాళ్ళు ముందే దాని పళ్ళు కత్తిరించేస్తారు, మత్తుమందు కూడా లేకుండా. ఇక చెవులు ముడుచుకున్న స్కాటిష్ ఫోల్డ్ పిల్లి: ఆ చెవుల్ని మడిచిన మృదులాస్థి లోపమే దాని కీళ్ళనీ నొప్పి పెడుతుంది. పగ్ కుక్క గురక సంగతి సరేసరి, నొక్కుకుపోయిన ముక్కుతో అది ఊపిరి కోసం పడే తంటా మనకి కామెడీ.

కాబట్టి నాదొక్కటే డిమాండ్. ఈసారి పగ్ వీడియో పెట్టినప్పుడు వెనకాల ఆ కులాసా మ్యూజిక్ తీసేసి, దాని ఊపిరి శబ్దం ఫుల్ వాల్యూమ్‌లో వినిపించండి. లైకులు ఎన్నొస్తాయో అప్పుడు మాట్లాడుకుందాం.

ఇట్లు,
నిద్ర చాలని ఒక వీక్షకుడు