మీ మిక్స్ పలచగా ఉండటానికి ఉచిత సాఫ్ట్‌వేర్ కారణం కాదు

ఇంట్లో పాటలు చేసుకునేవాళ్ల మధ్య ఒక జాబితా చాలాకాలంగా తిరుగుతోంది. పంపేవాళ్లను బట్టి మాటలు కాస్త మారతాయి గానీ సారం ఒక్కటే. మీ మిక్స్ (విడివిడిగా రికార్డు చేసిన గొంతు, వాద్యాల ట్రాకుల్ని కలిపి చేసిన పాట) స్టూడియో పాటలా వినిపించకపోవడానికి కారణాలివట: ఉచిత సాఫ్ట్‌వేర్ శబ్దం పలచగా ఉంటుంది. మీరు 96 కిలోహెర్ట్జ్ శాంపిల్ రేటులో, అంటే శబ్దాన్ని సెకనుకు 96 వేలసార్లు కొలుస్తూ రికార్డు చేయట్లేదు. హెడ్‌ఫోన్స్‌లో మిక్స్ చేస్తున్నారు. కిక్ (కాలితో మోగించే పెద్ద డ్రమ్), బేస్ తప్ప మిగతా ట్రాకులన్నిటిలో 100 హెర్ట్జ్ కింద కోసేయట్లేదు. మాస్టర్, అంటే విడుదలకు సిద్ధం చేసిన చివరి ఫైలు, సరిగ్గా మైనస్ 14 లఫ్స్ (చెవికి పాట ఎంత గట్టిగా వినిపిస్తుందో చెప్పే కొలత) దగ్గర లేదు. పదిమందికి వినిపించి వాళ్లు చెప్పినవన్నీ సరిచేయట్లేదు.

ఈ ఆరింటిలో ఏదీ ఉత్తగాల్లోంచి పుట్టలేదు, అందుకే ఇంతకాలం బతికాయి. కానీ ఆరూ కలిపి పాటిస్తే కొత్తగా నేర్చుకునేవాళ్ల డబ్బు, ఓపిక ఖర్చవుతాయి తప్ప మిక్స్ ఎక్కడున్నది అక్కడే ఉంటుంది. వీటిలో చాలావాటి వెనక దాక్కున్న మోసం ఒకటే: కొంచెం గట్టిగా వినిపించినదాన్ని మన చెవి "ఇదే బాగుంది" అని ఒప్పేసుకోవడం.

మొదటిదే చూడండి. ఒక సాఫ్ట్‌వేర్‌లో అదే పాట వెచ్చగా, నిండుగా ఉంటుందని, ఇంకోదాంట్లో పలచగా ఉంటుందని ప్రమాణం చేసి చెప్పేవాళ్లున్నారు. వాళ్లు అబద్ధం చెప్పట్లేదు, నిజంగానే తేడా విన్నారు. ఆ తేడా వచ్చిన చోటే వేరు. ఇప్పటి డీఏడబ్ల్యూలు (పాటల్ని రికార్డు చేసి మిక్స్ చేసే సాఫ్ట్‌వేర్లు) ట్రాకుల్ని కూడేది 32 బిట్ లేదా 64 బిట్ ఫ్లోటింగ్ పాయింట్ లెక్కతో. కూడిక ఎవరు చేసినా కూడికే. ప్రో టూల్స్ అనే స్టూడియో సాఫ్ట్‌వేర్ పాత టీడీఎం వ్యవస్థలు దశాంశ బిందువు కదలని ఫిక్స్‌డ్ పాయింట్ లెక్కతో నడిచిన రోజుల్లో ఈ చర్చకు కాస్త అర్థం ఉండేది. ఆ కాలం పోయినా మాట మిగిలింది.

మరి తేడా ఎక్కడిది? చాలాసార్లు ప్యాన్ లా దగ్గరది. ప్యాన్ అంటే శబ్దాన్ని ఎడమకో కుడికో జరపడం. మోనో ట్రాక్‌ను మధ్యలో పెట్టినప్పుడు దాని స్థాయిని ఎంత తగ్గించాలన్నది ఒక్కో సాఫ్ట్‌వేర్ ఒక్కోలా పెట్టుకుంటుంది. ఒకటి 3 డెసిబెల్స్ తగ్గిస్తే ఇంకొకటి అసలు తగ్గించదు. సాధారణంగా మధ్యలో ఉండేవి ఏవి? గొంతు, కిక్, స్నేర్ డ్రమ్, బేస్. పాటకు ఆయువుపట్టు లాంటి ఈ నాలుగూ పక్కనున్న గిటార్ల కంటే 3 డెసిబెల్స్ ముందుకొస్తే ఎవరికైనా నిండుగానే వినిపిస్తుంది. ఆ పుణ్యం సాఫ్ట్‌వేర్ ఖాతాలో పడుతుంది.

అనుమానముంటే మీరే తేల్చుకోవచ్చు. ఒకే ఆడియో ఫైళ్లను రెండు సాఫ్ట్‌వేర్లలోకి ఎక్కించండి. ప్లగిన్లు (శబ్దాన్ని మార్చే అదనపు సాఫ్ట్‌వేర్లు) వద్దు, ఫేడర్లు (ట్రాకు స్థాయిని పెంచి తగ్గించే మీటలు) కదపొద్దు, ప్యాన్ లా రెండింటిలో ఒకేలా పెట్టండి. రెండు ఎక్స్‌పోర్టులనూ ఒకే ప్రాజెక్టులో పక్కపక్కన పెట్టి, ఒకదాని పొలారిటీ తిప్పండి, అంటే దాని తరంగాన్ని తలకిందులు చేయండి. సున్నా మీద అడ్డగీత ఉండే బటన్ అది. రెండూ ఒకటే అయితే ఒకదాన్నొకటి చంపేసుకుని నిశ్శబ్దం మిగులుతుంది. మీటర్ ఆడకపోతే "వెచ్చదనం" గురించి మాట్లాడటానికి ఇంకేమీ లేనట్టే. ఏదైనా సన్నగా వినపడితే క్లిప్ అంచుల్లో దానంతటదే పడిన ఫేడో (శబ్దం మెల్లగా పెరగడం, తగ్గడం), ఎవరూ అడగకుండా ఆన్ అయిన టైమ్ స్ట్రెచ్చో (నిడివిని సాగదీయడం) ఉందేమో వెతకండి.

ప్లగిన్లదీ ఇదే కథ. పాత హార్డ్‌వేర్‌ను అనుకరించే కొన్ని ప్లగిన్లు అన్ని నాబ్‌లూ మధ్యలో ఉండగానే ఒకటో రెండో డెసిబెల్స్ పెంచేస్తాయి. గట్టి శబ్దాల్ని అదిమే కంప్రెసర్లు కొన్నింటిలో, తగ్గినదాన్ని తిరిగి తనంతట తానే పెంచే ఆటో గెయిన్ ముందే ఆన్ అయి ఉంటుంది. ఆన్ చేస్తే పాట లేచి నిలబడినట్టు, ఆఫ్ చేస్తే కూలబడినట్టు అనిపిస్తుంది. 1933లోనే బెల్ ల్యాబ్స్‌లో ఫ్లెచర్, మున్సన్ కొలిచి చూపించారు: శబ్దం తగ్గేకొద్దీ మన చెవికి బేస్ మిగతావాటికంటే ముందే జారిపోతుంది, పెంచితే తిరిగొస్తుంది. కాబట్టి కాస్త గట్టిగా వినిపించే ప్లగిన్ తక్కువ స్వరాల్ని కూడా బాగా ఇచ్చినట్టే ఉంటుంది. అవుట్‌పుట్ నాబ్ తిప్పి రెండు స్థాయిలూ సమానం చేశాక, కళ్లు మూసుకుని, ప్లగిన్‌ను పక్కకు తప్పించే బైపాస్ బటన్ నొక్కుతూ వినండి. కొనాలన్న ఆరాటం సగం అక్కడే చల్లారుతుంది. టోక్యో డాన్ ల్యాబ్స్ నోవా (ఈక్వలైజర్), వోక్సెంగో స్పాన్ (స్వరాల బలాన్ని గీతగా చూపేది), సర్జ్ ఎక్స్‌టీ (సింథసైజర్) ఉచితంగానే దొరుకుతాయి. ఇవి చేతిలో ఉండగా పనిముట్లు లేక మిక్స్ చెడిందని అనడానికి వీల్లేదు. డబ్బు పెట్టి కొనే ప్లగిన్లలో పని తొందరగా అయ్యే సౌకర్యం ఉంటుంది, కొన్నింటి రంగు మరెక్కడా దొరకదు. వాటికోసం కొనండి, తప్పులేదు.

ఖరీదైన పనిముట్లు అక్కర్లేదనడానికి అందరూ ఎత్తి చూపేది అమెరికన్ గాయని బిల్లీ ఐలిష్ 2019 ఆల్బమ్‌ను. అన్న ఫినియస్‌తో కలిసి పడకగదిలో, లాజిక్ ప్రో అనే సాఫ్ట్‌వేర్‌లో చేసింది కదా అంటారు. నాకు ఈ ఉదాహరణ అంతగా నచ్చదు. రికార్డింగ్, ప్రొడక్షన్ చాలావరకు ఇంట్లో జరిగిన మాట నిజమే. కానీ దాన్ని మిక్స్ చేసింది రాబ్ కినెల్స్కీ, మాస్టరింగ్ చేసింది జాన్ గ్రీన్‌హామ్. ఇద్దరికీ అదే వృత్తి. పడకగదిలో మంచి శబ్దం పుడుతుందనడానికి ఆ ఆల్బమ్ సాక్ష్యమే, మిక్సింగ్ అనుభవం అక్కర్లేదనడానికి మాత్రం కాదు.

96 కిలోహెర్ట్జ్ సంగతి తొందరగా తేల్చేయొచ్చు. శాంపిల్ రేటులో సగం దాకా ఉన్న ధ్వనులు రికార్డవుతాయి. మామూలుగా వాడే 44.1 కిలోహెర్ట్జ్ అంటే 22.05 కిలోహెర్ట్జ్ దాకా. మనిషి చెవి పైహద్దుగా చెప్పుకునేది 20, పెద్దవాళ్లకు అంతకంటే తక్కువే. 96 పెడితే ఫైలు రెండింతలు దాటుతుంది, కంప్యూటర్ ఆయాసపడుతుంది, వినేవాళ్లకు ఒరిగేదేమీ ఉండదు. ఒక్క మినహాయింపు ఉంది: రికార్డు చేసినదాన్ని బాగా కిందికి పిచ్ చేసి వింత శబ్దాలు తయారుచేసేవాళ్లకు ఆ పైస్వరాలు పనికొస్తాయి. శబ్దాన్ని గరుకుగా మార్చే డిస్టార్షన్ లాంటి ప్లగిన్లలో ఏలియాసింగ్ (హద్దు దాటిన పైస్వరాలు కిందికి మడతపడి పుట్టే అనవసరపు స్వరాలు) వస్తుందన్నది నిజమే, అయితే దానికి చాలా ప్లగిన్లలోనే ఓవర్‌శాంప్లింగ్ (లోపల మాత్రమే ఎక్కువ శాంపిల్ రేటులో లెక్కించడం) బటన్ ఉంటుంది. అసలు పట్టించుకోవాల్సింది బిట్ డెప్త్, అంటే ఒక్కో కొలతను ఎంత సూక్ష్మంగా రాసుకుంటున్నామన్నది. 24 బిట్‌లో రికార్డు చేస్తే గొంతు శిఖరాలు మీటర్‌లో మైనస్ 12 డెసిబెల్స్ దగ్గర ఆగినా ఫర్వాలేదు. గదిలో ఫ్యాన్ రొద అంతకంటే పెద్ద సమస్య.

హెడ్‌ఫోన్స్ మీద నింద మాత్రం సగం నిజం కాబట్టే ప్రమాదకరం. హెడ్‌ఫోన్స్‌లో ఎడమ చెవికి ఎడమదే, కుడి చెవికి కుడిదే వినిపిస్తుంది. స్పీకర్లలోనైతే రెండు చెవులకూ రెండూ అందుతాయి. అందుకే హెడ్‌ఫోన్స్‌లో వెడల్పు ఎక్కువ అనిపిస్తుంది, రివర్బ్ (గదిలోని ప్రతిధ్వని లాంటిది) స్పష్టంగా తెలిసి అవసరమైనదానికన్నా తక్కువ వేస్తాం. ఇంతవరకూ ఒప్పుకోవాల్సిందే. కానీ ఆ జాబితా ఇక్కణ్నుంచి "కాబట్టి స్టూడియో మానిటర్లు (మిక్సింగ్ కోసం చేసిన స్పీకర్లు) కొనండి" అనే మాట మీదికి దూకుతుంది. వాటిని పెట్టేది ఏ గదిలో?

మూడు మీటర్ల పొడవున్న గదిని తీసుకోండి. శబ్దవేగం సెకనుకు సుమారు 343 మీటర్లు, దాన్ని గది పొడవుకు రెండింతలతో భాగిస్తే 57 హెర్ట్జ్. ఆ స్వరం దగ్గర గది తనంతట తానే మోగుతుంది. గోడను ఆనుకుని వింటే బేస్ ఉరుముతుంది, గది నడిమధ్య కూర్చుంటే అదే స్వరం దాదాపు మాయమవుతుంది. అక్కడ కూర్చుని మిక్స్ చేసేవాళ్లు బేస్ సరిపోలేదని పెంచుతూ పోతారు. ఇదిగాక స్పీకర్‌కూ వెనక గోడకూ మీటరు దూరముంటే 86 హెర్ట్జ్ దగ్గర ఇంకో గుంట పడుతుంది. గోడలకు అంటించే పల్చటి ఫోమ్ గానీ, గుడ్ల అట్టలు గానీ ఈ స్వరాల్ని తాకనైనా తాకవు. మూలల్లో పది సెంటీమీటర్లకు మించిన మందాన రాక్‌వుల్ పెడితే కొంత మార్పు కనిపిస్తుంది. అది చేయలేని గదిలో ఖరీదైన మానిటర్ల కంటే మీకు బాగా అలవాటైన హెడ్‌ఫోన్సే బేస్ గురించి నిజం చెబుతాయి.

ఇక్కడ అలవాటన్న మాటకు బరువుంది. 1978లో ఇంట్లో పాటలు వినడానికని వచ్చిన యమహా ఎన్ఎస్-10 స్పీకర్‌లో బేస్ అంతంతమాత్రం. అయినా దశాబ్దాలపాటు పెద్ద స్టూడియోల మిక్సింగ్ బల్లల మీద అదే ఉండేది. దాంట్లో ఎంత వినిపిస్తే బయట ఎంత వినిపిస్తుందో ఇంజనీర్లకు కంఠతా వచ్చేసింది. మీ హెడ్‌ఫోన్స్‌తో కూడా అంత పరిచయం పెంచుకోవచ్చు. మీకు నచ్చిన నాలుగు పాటల్ని మీ ప్రాజెక్టులోకి తెచ్చి, మీ మిక్స్‌తో సమానమైన స్థాయికి తగ్గించి, మధ్యమధ్యలో వింటూ ఉండండి. తగ్గించడం మరిచిపోతే మాత్రం ఆ పాటలే ప్రతిసారీ గెలుస్తాయి. అవి మాస్టరింగ్ అయి గట్టిగా ఉన్నవి.

జాబితాలో నాకు నిజంగా కోపం తెప్పించేది నాలుగోది: కిక్, బేస్ తప్ప అన్నిటినీ 100 హెర్ట్జ్ కింద కోసేయమనడం. మైకు స్టాండును ఎవరో తన్నిన చప్పుడు, గాలి రొద ఉన్న ట్రాక్‌లో కోయాల్సిందే. కానీ గిటార్‌లో అడుగు తీగ మోగేది 82 హెర్ట్జ్ దగ్గర. ఆక్టేవ్‌కు (హెర్ట్జ్ సగానికి దిగిన ప్రతిసారీ) 24 డెసిబెల్స్ వాలున్న మామూలు ఫిల్టర్‌ను 100 దగ్గర పెడితే ఆ స్వరం ఏడు డెసిబెల్స్ పైనే పడిపోతుంది. ఒక్క గిటార్, ఒక్క గొంతు తప్ప ఇంకేమీ లేని పాటలో అలా కోస్తే గిటార్ పెట్టెకు ఒళ్లే ఉండదు. మగగొంతుల్లో చాలావాటి మూలస్వరం 100 చుట్టుపక్కలే తిరుగుతుంది. ఆ తర్వాత వాళ్లే "గొంతులో నిండుదనం లేదు" అని ఇంకో ప్లగిన్ వెతుక్కుంటారు. ఇంకో చిక్కు కూడా ఉంది. ఈ ఫిల్టర్లు ఫేజ్‌ను, అంటే తరంగం ఎప్పుడు ఎగసి ఎప్పుడు పడుతుందన్న వరసను, తిప్పుతాయి. స్నేర్‌కు పైనా కిందా రెండు మైకులు పెట్టి ఒక్కదానికే ఫిల్టర్ వేస్తే, రెండూ కలిసినచోట కొన్ని స్వరాలు ఒకదాన్నొకటి తినేస్తాయి. పైగా కోశాక మీటర్‌లో శిఖరం తగ్గాల్సింది పోయి ఒక్కోసారి పెరుగుతుంది కూడా. పాట అంతా మోగుతుండగా ఫిల్టర్‌ను నెమ్మదిగా పైకి జరపండి. ఏదో పోయిందని చెవికి తెలిసిన చోటునుంచి కాస్త వెనక్కి రండి. అది 40 కావచ్చు, 180 కావచ్చు.

మైనస్ 14 లఫ్స్ ఎక్కడినుంచి వచ్చిందో అందరికీ తెలుసు. స్పాటిఫై మామూలు సెట్టింగులో పాటల్ని ఆ స్థాయికి సర్దుతుంది. అది పాట వినిపించే చోట జరిగే సర్దుబాటు, అంతే. మీ పాటను తీసుకోవడానికి పెట్టిన షరతు కాదు. ఆపిల్ మ్యూజిక్‌లో ఇదే పని చేసే సౌండ్ చెక్ మైనస్ 16 దగ్గర పనిచేస్తుంది. యూట్యూబ్ గట్టిగా ఉన్నవాటిని తగ్గిస్తుంది గానీ నెమ్మదిగా ఉన్నవాటిని పెంచదు. స్పాటిఫైలోనే వినేవాళ్లు కావాలంటే మైనస్ 11కో మైనస్ 19కో మార్చుకోవచ్చు, పూర్తిగా ఆపేయనూ వచ్చు. ఇన్ని చోట్ల ఇన్ని లెక్కలుంటే ఒక్క అంకె కోసం, శిఖరాల్ని అణిచి పాటను గట్టిపరిచే లిమిటర్ ముందు కూర్చుని టెన్షన్ పడటం దేనికి? చార్టుల్లో ఉండే పాటలు చాలా మైనస్ 10, మైనస్ 8 దాకా వెళ్తాయి. అంతేకాక ఆ అంకె పాట మొత్తానికి తీసిన సగటు. నెమ్మదైన పల్లవి, హోరెత్తే చరణం ఉన్న పాటకు సగటు మైనస్ 14 వచ్చినా, చరణం మైనస్ 10 దగ్గర ఉండొచ్చు. మైనస్ 9 మాస్టర్‌ను స్పాటిఫై 5 డెసిబెల్స్ తగ్గిస్తుంది. ఆ 5 కోసం డ్రమ్స్‌ను నలగ్గొట్టి ఉంటే ఆ నలుగుడు ఒక్కటే మిగులుతుంది. నలగకుండానే ఆ స్థాయికి వచ్చిన పాటైతే నష్టమేమీ లేదు. మీ మాస్టర్‌ను రెండు స్థాయిల్లో తీసి, రెండింటినీ సమానం చేసి, డ్రమ్ దెబ్బ ఏదాంట్లో బతికి ఉందో విని తేల్చుకోండి.

ఇక పదిమందికి వినిపించి, చెప్పినవన్నీ సరిచేయమనే సలహా. వినడానికి వినయంగా ఉంటుంది, చేస్తే పాట చస్తుంది. ఒకే గుంపులో పెట్టి అడిగితే మొదటి మనిషి "బేస్ ఎక్కువైంది" అంటారు. ఆ తర్వాత విన్నవాళ్లందరికీ బేస్ ఎక్కువగానే వినిపిస్తుంది. నిజంగా పదిమంది అభిప్రాయం కావాలంటే విడివిడిగా అడగాలి.

ఇంకో తిరకాసు ఏమిటంటే, వినేవాళ్లు రోగం బాగానే పట్టుకుంటారు, మందు మాత్రం తప్పు చెబుతారు. "రెండో చరణంలో గొంతు వినపడట్లేదు, పెంచు" అన్నారనుకోండి. ఆ చోట ఏదో ఉందన్నది నమ్మొచ్చు, పెంచాలన్నది నమ్మనక్కర్లేదు. అక్కడికెళ్లి చూస్తే సరిగ్గా ఆ చరణంలోనే కొత్త గిటార్ ఒకటి మొదలై ఉంటుంది. దాని బలం 2 నుంచి 4 కిలోహెర్ట్జ్ మధ్య, అంటే గొంతులో మాటలు స్పష్టంగా తెలిసే చోటే. గొంతు పెంచితే మొదటి చరణంతో పోల్చినప్పుడు అరిచినట్టుంటుంది. గిటార్‌లో ఆ భాగాన్ని 3 డెసిబెల్స్ తగ్గిస్తే గొంతును ముట్టుకోకుండానే పని అయిపోతుంది. "కంప్రెషన్ తక్కువైంది", "కొంచెం అనలాగ్ వార్మ్‌త్ కావాలి" లాంటి మాటలకు "ఏ చోట, ఏ వాద్యంలో?" అని తిరిగి అడగండి. సమాధానం రాకపోతే దాన్ని పక్కన పెట్టేయొచ్చు.

అడిగే పద్ధతి కూడా మార్చుకోవాలి. "ఎలా ఉందో చెప్పండి" అంటే వచ్చేది "సూపర్" ఒక్కటే. రెండు రూపాలను ఒకే స్థాయిలో పెట్టి, ఏది కొత్తదో చెప్పకుండా పంపి, "మాటలు ఏదాంట్లో బాగా తెలుస్తున్నాయి?" అని ఒక్క ప్రశ్న వేయండి. స్థాయి సరిచూడకపోతే ఇక్కడా గట్టిగా ఉన్నదే నెగ్గుతుంది, మీరు చేసిన మార్పుకు ఓటు పడిందని మురిసిపోతారు. ఒకరు గొంతు లోపలికి పోయిందని, ఇంకొకరు గొంతు మీదికొస్తోందని అన్నప్పుడు ఫేడర్ మీద చేయి వేయకండి. ముందు ఇద్దరూ దేంట్లో విన్నారో కనుక్కోండి. ఒకరు ఫోన్ స్పీకర్‌లో, ఇంకొకరు కారులో విని ఉంటే ఆ రెండు మాటలూ ఒకేసారి నిజమయ్యే అవకాశముంది.