ఐలీన్‌ను తిట్టేసి లేచిపోకండి

ఐరిష్ రచయిత్రి క్లెయిర్ కీగన్ రాసిన 'స్మాల్ థింగ్స్ లైక్ దీజ్' నవల మీద మన పుస్తక సమావేశాల్లో చర్చ పెడితే మనవాళ్ళు ముందుగా అనే మాట, కథానాయకుడు ఫర్లాంగ్ దేవుడని. ఆ వెంటనే, అతని భార్య ఐలీన్‌ది రాతిగుండె అని. ఆ రెండు తీర్పులూ అయిపోయాక ఎవరో ఒకరు, అసలు కథ మొదలయ్యే చోట రచయిత్రి ఆపేసిందని విసుక్కుంటారు. మూడో మాటకు ఎంతో కొంత న్యాయం ఉంది. మొదటి రెండూ మాత్రం పుస్తకాన్ని చేతికి అంటకుండా పక్కన పెట్టే పద్ధతులని మా అభిప్రాయం. ఐలీన్ చెప్పిందాంట్లో నిజమెంతో తేల్చుకోకపోతే ఫర్లాంగ్ చేసిన పని ఎంత బరువైనదో మనకు తెలియదు.

చదవనివారి కోసం కథ క్లుప్తంగా. 1985 డిసెంబరు. ఆయర్లండ్ ఆగ్నేయాన వెక్స్‌ఫర్డ్ కౌంటీలో న్యూ రాస్ అనే ఊరు. బిల్ ఫర్లాంగ్ అక్కడ బొగ్గు, కట్టెల వ్యాపారి. ఐదుగురు ఆడపిల్లల తండ్రి. పెళ్ళికాని పదహారేళ్ళ పనిపిల్లకు పుట్టినవాడు. ఆ తల్లిని వీధిన పడేయకుండా తన ఇంట్లోనే ఉంచుకున్న మిసెస్ విల్సన్ అనే ప్రొటెస్టెంటు వితంతువు నీడన పెరిగాడు. పండగ ముందు తెల్లవారకుండా కాన్వెంటుకు బొగ్గు దించడానికి వెళ్ళి బొగ్గుల కొట్టు తలుపు తీస్తే లోపల ఒక పిల్ల ఉంటుంది. బిడ్డను కన్న పిల్ల. ఆ బిడ్డను ఆమె దగ్గర లేకుండా చేశారు. కాన్వెంటు నడిపే లాండ్రీలో ఇలాంటి పిల్లలు ఇంకా ఉన్నారు. ఊరికి ఆ సంగతి తెలుసు, తెలియనట్టు ఉంటుంది. 2021లో వచ్చిన ఈ నవల 116 పేజీలు. 2022 బుకర్ బహుమతి తుది జాబితాకు ఎక్కినప్పుడు, అప్పటిదాకా అక్కడ చోటు దక్కిన పుస్తకాల్లో పేజీల లెక్కన ఇదే చిన్నది. ఒక్క మధ్యాహ్నంలో చదివేయవచ్చు, చర్చకు వచ్చే ముందు రెండోసారి కూడా చదవవచ్చు. రెండోసారి తప్పకుండా చదవమని గట్టిగా చెబుతున్నాం. మొదటిసారి కథ కోసం చదువుతాం కాబట్టి గోడ మీద గాజు పెంకులు, తలుపులకు వేసిన తాళాలు, ఎవరు ఏ మాట దగ్గర ఆగిపోయారు అన్నవి జారిపోతాయి. ఈ పుస్తకంలో సంగతులు చెప్పేవి అవే.

ఇప్పుడు ఐలీన్. కొట్టులో ఆ పిల్ల దొరక్కముందే ఒకసారి ఫర్లాంగ్ కాన్వెంటుకు వెళ్ళాడు, నది దాకా తీసుకెళ్ళమని అక్కడ ఒక పిల్ల బతిమాలింది. ఆ తొలిసారి చూసినదాని గురించి భర్త రాత్రి ఇంట్లో చెబితే ఆమె ఏమంటుంది? ఆ పిల్లలకూ మనకూ ఏమిటి సంబంధం, బతుకులో పైకి రావాలంటే కొన్ని చూడనట్టు వదిలేయాలి అంటుంది. దాంతో ఆగదు. మిసెస్ విల్సన్‌కు పెద్ద ఇల్లు, రాబడి ఉన్నాయి, తనకు తోచింది చేయగల స్థితి ఆవిడది అని గుర్తుచేస్తుంది. అంటే, నిన్ను పెంచిన మంచితనానికి వెనకాల ఆస్తి ఉంది, మనకు అది లేదు అని. ఈ మాట కఠినమైనదే. కానీ అబద్ధమా? ఇక్కడే చర్చ ఆగి నిలబడాలి. చాలా చర్చలు ఇక్కడ 'ఎంత మాట అంది!' అనేసి పేజీ తిప్పేస్తాయి.

అందుకే చర్చలో ముందు చేయించవలసిన పని, ఒక కాగితం మీద ఫర్లాంగ్ పోగొట్టుకోగలిగినవి రాయించడం. అన్నీ పుస్తకంలోనే దొరుకుతాయి. కాన్వెంటు అతనికి పెద్ద ఖాతా. ఊళ్ళో ఆడపిల్లలకు ఉన్న మంచి బడి సెయింట్ మార్గరెట్స్, కాన్వెంటు గోడ పక్కనే ఉంది. అతని పెద్దపిల్లలు అక్కడ చదువుతున్నారు, మిగతావాళ్ళు చేరాలి. యార్డులో పనివాళ్ళకు జీతాలివ్వాలి. చుట్టుపక్కల పనులు పోతున్న కాలం, కొలువుల్లోంచి తీసేస్తున్నారు, పిల్లలు దేశం వదిలి లండన్, బోస్టన్, న్యూయార్క్ దారి పడుతున్నారు. హోటల్ నడిపే మిసెస్ కీహో అతన్ని పక్కకు పిలిచి, వీళ్ళ చెయ్యి లేని చోటు లేదు, ఆడపిల్లల తండ్రివి, చూసుకుని నడుచుకో అన్న అర్థంలో హెచ్చరిస్తుంది. ఆమె చెడ్డది కాదు, అతని మేలు కోరే చెబుతుంది. ఈ జాబితా రాశాక 'ఐలీన్ ఎందుకలా అంది' అని అడిగితే జవాబులు మారతాయి. మన చర్చల్లో ఈ దశలో పిల్లల చదువులు, సంబంధాలు, నలుగురిలో మాట అన్నవి ఎవరూ ప్రేరేపించకుండానే బయటికి వస్తాయి. రానివ్వండి. నిర్వాహకులు ముందే వాటిని ఎత్తకూడదు. ఎత్తితే అందరూ కాచుకుని కూర్చుంటారు.

ఆ తర్వాత కవరు ఘట్టం. ఇది పైకి చదవవలసిన భాగం, ఇంగ్లీషులోనే. కాన్వెంటు పెద్ద అయిన మదర్ సుపీరియర్ ఫర్లాంగ్‌ను లోపలికి పిలుస్తుంది. నిప్పు రాజేసిన గది, టీ, కేకు. కొట్టులో దొరికిన పిల్లను కడిగి, దువ్వి తెచ్చి ఎదుట నిలబెడతారు, ఏదో ఆటలో జరిగిన పొరపాటన్నట్టు చెప్పిస్తారు. ఎక్కడా బెదిరింపు మాట లేదు. అతని కూతుళ్ళ కబుర్లు అడుగుతుంది, చదువుల గురించి మాట్లాడుతుంది, బడిలో చోటు అంత తేలిగ్గా దొరకదన్న సంగతి మాటల్లో దొర్లుతుంది. కొడుకులు లేరు కదా అన్న ముక్క కూడా పడుతుంది. ఆఖరున క్రిస్మస్ కార్డు ఉన్న కవరు, అందులో డబ్బు, 50 పౌండ్లు. అతను తీసుకుంటాడు. ఇంటికి తెచ్చి భార్యకిస్తాడు.

దీన్ని చదివాక వెంటనే అభిప్రాయం అడగకండి. బెదిరింపు సరిగ్గా ఏ వాక్యంలో ఉందో పెన్సిలుతో గీత గీయమనండి. ఒక్కొక్కరు ఒక్కోచోట గీస్తారు. ఒకరికి అది కూతుళ్ళ పేర్లెత్తిన చోట, ఇంకొకరికి టీ పోసిన చోట, మరొకరికి కవరు దగ్గర. ఎవరిదీ తప్పు కాదు. అధికారం ఎలా మాట్లాడుతుందో రచయిత్రి ఇక్కడ చూపించినంత సూటిగా పెద్ద పెద్ద నవలల్లో కూడా అరుదు. పది నిమిషాల పఠనానికి పావుగంట మాటలు కేటాయించండి. తొంభై నిమిషాల సమావేశంలో ఇదే అన్నిటికన్నా ఎక్కువ సమయం తీసుకోవాలి.

అడగకూడని ప్రశ్న ఒకటుంది. 'మీరైతే ఏం చేసేవారు?' వినడానికి బాగుంటుంది, చర్చను మాత్రం చంపేస్తుంది. గదిలో ఉన్నవాళ్ళంతా ఆ పిల్లను ఇంటికి తెచ్చేవాళ్ళే అవుతారు. నలుగురిలో ఇంకో జవాబు చెప్పడం ఎవరికైనా కష్టం. దాని బదులు, ఫర్లాంగ్ తొలిసారి ఏం చేశాడో అడగండి. నది దాకా తీసుకెళ్ళమని ఒక పిల్ల మొదటే బతిమాలింది. అతను తీసుకెళ్ళలేదు. బొగ్గుల కొట్టులో దొరికిన పిల్లను కూడా మొదట ఆ సన్యాసినులకే అప్పజెప్పి, టీ తాగి, కవరుతో ఇంటికి వచ్చాడు. ధైర్యం అతనికి పుట్టుకతో వచ్చిన గుణం కాదు. రెండుసార్లు వదిలేసి వచ్చాక, ఆ వదిలేయడం లోపల తొలుస్తుంటే మూడోసారి వెళ్ళాడు. 'ఫర్లాంగ్ దేవుడు' అనేవాళ్ళు ఈ రెండు తప్పిపోవడాలనూ లెక్కలోంచి తీసేస్తున్నారు. దేవుణ్ణి చేసేస్తే మనం అతనిలా ఉండనక్కర లేదు కదా.

2024లో వచ్చిన సినిమా చూసి పుస్తకం చదవకుండా వచ్చేవాళ్ళు ఉంటారు. కిలియన్ మర్ఫీ ఫర్లాంగ్‌గా, ఎమిలీ వాట్సన్ మదర్ సుపీరియర్‌గా నటించారు. వాట్సన్‌కు బెర్లిన్ చలనచిత్రోత్సవంలో సిల్వర్ బేర్ అవార్డు వచ్చింది. మంచి సినిమా. అయితే ఆమె ముఖం ఎంత గుర్తుండిపోతుందంటే, తప్పంతా ఆమె ఒక్కదాని మీదికి పోతుంది. పుస్తకంలో ఆ లాండ్రీకి మంచి పేరు. హోటళ్ళు, ఆసుపత్రి, ఫాదర్లు, కలిగినవాళ్ళ ఇళ్ళు అన్నీ అక్కడికే బట్టలు వేస్తాయి. మరకలు పోయి తెల్లగా తిరిగొస్తున్నాయంటే ఎవరి చేతులు ఉతుకుతున్నాయో ఎవరూ అడగలేదు. సినిమా మాత్రమే చూసినవారిని పుస్తకంలో లాండ్రీ గురించిన ఈ పేరా చదవమనండి, తర్వాత మాట్లాడమనండి. ఇదంతా ఒక మతం తాలూకు సమస్యగా తేల్చేసేవారికి కూడా ఈ పేరాయే జవాబు.

ముగింపు మీద ఫిర్యాదుకు వద్దాం. క్రిస్మస్ ముందు రోజు సాయంత్రం ఫర్లాంగ్ ఐలీన్ కోసం కొన్న బూట్ల పెట్టె చంకన పెట్టుకుని, చెప్పులు లేని ఆ పిల్లను ఊరి మధ్యగా నడిపించుకుంటూ ఇంటికి వెళ్తాడు. పలకరించడానికి ఆగినవాళ్ళు పిల్లను చూసి తప్పుకుంటారు. రేపటి నుంచి పడవలసింది ముందుందని అతనికి తెలుసు. అక్కడితో అయిపోతుంది. తర్వాత ఏమైందో చెప్పలేదన్నది నిజమే. చెబితే, ఫలితం మంచిదైతే మెచ్చుకుంటాం, చెడ్డదైతే తొందరపడ్డాడంటాం, పని విలువను ఫలితంతో తూస్తాం. రచయిత్రి ఆ తూకం రాయి మనకివ్వలేదు. అయినా తర్వాతి సంగతి ఊహించాలని ఎవరికైనా ఉంటుంది కాబట్టి, అందరినీ ఒక్కో వాక్యం చెప్పమనండి: తలుపు తీసిన ఐలీన్ నోట వచ్చే మొదటి వాక్యం, తెలుగులో. మగవాళ్ళు కూడా చెప్పాలి. ఇందులో ఎవరు ఐలీన్‌ను మనిషిగా చూశారో తెలిసిపోతుంది.

చరిత్ర సంగతి చివర. ముందే పంచిపెడితే నవల కాస్తా సాక్ష్యం కాగితం అయిపోతుంది. అచ్చంగా న్యూ రాస్‌లో ఉన్న గుడ్ షెపర్డ్ సన్యాసినుల లాండ్రీ 1967లోనే మూతపడింది, కాబట్టి 1985 నాటి ఈ కాన్వెంటు కల్పితం. దాన్ని పట్టుకుని 'అంతా పాతకథ' అనేవారు ఉంటారు. దేశంలో చివరి మాగ్డలీన్ లాండ్రీ (కాన్వెంట్లు నడిపిన ఇలాంటి లాండ్రీలకు ఆ పేరు), డబ్లిన్‌లోని సీన్ మెక్‌డెర్మట్ స్ట్రీట్‌లోది, 1996 అక్టోబరు దాకా నడిచింది. 1993లో అదే నగరంలో హై పార్క్ దగ్గర ఒక కాన్వెంటు తన స్థలం అమ్ముకోవడానికి సమాధులు తవ్విస్తే 155 మంది స్త్రీల అవశేషాలు బయటపడ్డాయి. 1922 తర్వాత పది లాండ్రీల్లోకి దాదాపు 10,000 మంది స్త్రీలు వెళ్ళారనీ, పావు వంతుకు పైగా ప్రవేశాలలో ప్రభుత్వానికే ప్రమేయం ఉందనీ 2013 ఫిబ్రవరిలో వచ్చిన ప్రభుత్వ విచారణ నివేదిక, మెకలీస్ నివేదిక, తేల్చింది. ఆ నెలలోనే ప్రధాని ఎండా కెన్నీ పార్లమెంటులో క్షమాపణ చెప్పాడు. పరిహార నిధికి డబ్బు ఇవ్వమంటే లాండ్రీలు నడిపిన నాలుగు సంస్థలూ ఒప్పుకోలేదు. పెళ్ళికాని తల్లులను ఉంచిన ఆశ్రమాల మీద వేసిన కమిషన్ 2021లో నివేదిక ఇచ్చింది, అంటే ఈ నవల వచ్చిన ఏడాదే. 18 సంస్థల్లో సుమారు 9,000 మంది పిల్లలు చనిపోయారని అందులో ఉంది. పుస్తకం మొదట్లో కీగన్ 1916 నాటి స్వాతంత్ర్య ప్రకటనలోంచి, జాతి పిల్లలందరినీ సమానంగా ఆదరిస్తామన్న భాగం పెట్టింది. ఈ అంకెలు విన్నాక ఆ పేజీకి మళ్ళీ వెళ్ళి చదివించండి.

డబ్లిన్‌లో ఉన్న మన సభ్యులకు ఒక సూచన. వాతావరణం అనుకూలిస్తే ఈ సమావేశాన్ని సెయింట్ స్టీవెన్స్ గ్రీన్ పార్కులో పెట్టుకోవచ్చు. మాగ్డలీన్ స్త్రీల జ్ఞాపకార్థం అక్కడ ఒక బెంచీ మీద ఫలకం ఉంది. అధ్యక్షురాలు మేరీ రాబిన్సన్ దాన్ని 1996 ఏప్రిల్‌లో ఆవిష్కరించినప్పుడు సీన్ మెక్‌డెర్మట్ స్ట్రీట్‌లో లాండ్రీ ఇంకా నడుస్తూనే ఉంది. ఆ భవనం కూడా పార్కు నుంచి నడిచి వెళ్ళగలిగినంత దూరంలోనే ఉంది. అక్కడ జాతీయ స్మారక, పరిశోధన కేంద్రం కట్టడానికి ప్రభుత్వం 2022లో ఆమోదం తెలిపింది.