‘వీలు చూసుకుని కలుద్దాం’ గారికి ఒక బహిరంగ లేఖ

గౌరవనీయులైన ‘వీలు చూసుకుని కలుద్దాం’ గారికి,

నమస్కారం. మీరు క్షేమమేనని మాకు తెలుసు. మా వాట్సాప్ గ్రూపులో మీరు దర్శనమివ్వని నెల లేదు. ఎవరి పుట్టినరోజైనా ముందు కేకు బొమ్మ, తర్వాత రెండు దండాలు, వాటి వెనకే మీరు. అయిదుగురం ఉన్న గ్రూపులో, రాసినవాడు పోను నాలుగు బొటనవేళ్లూ వెంటనే పడతాయి. అంత ఏకాభిప్రాయం మాకు ఇంకే విషయంలోనూ లేదు.

మీరు రాకముందు మాకు గురువారం ఉండేది. సికింద్రాబాద్‌లో ఒక ఇరానీ హోటలు, గల్లా పక్క నుంచి మూడో బల్ల, రాత్రి ఏడున్నర. 2005లో మొదలైంది. గురువారమే ఎందుకంటే, శనివారం ఒకడికి ఉపవాసం, శుక్రవారం ఒకడికి కొత్త సినిమా, సోమవారం అందరికీ ఏడుపు. అలా మిగిలింది. ‘ఈ వారం కలుద్దామా’ అని ఎవరూ ఎవర్నీ అడిగేవాళ్లు కాదు. అడిగితే కదా ‘చూస్తాలే’ అనేది! మా తాత కూడా అంతే. చీకటి పడే వేళకి కండువా దులిపి భుజాన వేసుకుని రచ్చబండ వైపు నడిచేవాడు. ఎవరెవరు వస్తున్నారో కనుక్కుని బయల్దేరడం ఆయన ఎరగడు.

ఆ బల్ల దగ్గర అంతా అమృతం కురిసిందని చెప్పను. 2009 డిసెంబరు 9న తెలంగాణ ప్రకటన వచ్చింది. మర్నాడు గురువారం. మాలో ఒకడిది వరంగల్, ఒకడిది గుంటూరు. ఒకడు మిఠాయి పొట్లంతో వచ్చాడు, ఇంకొకడు మొహం మాడ్చుకుని వచ్చాడు. పావుగంటలో గొంతులు లేచాయి. గల్లా మీది పెద్దాయన కళ్లజోడు దించి చూశాడు. గుంటూరువాడు సగం టీ వదిలేసి వెళ్లిపోయాడు. ఆ తర్వాతి గురువారం ఏడున్నరకి ఇద్దరూ వచ్చారు. సారీలు గట్రా ఏం లేవు. వరంగల్‌వాడు వెయిటర్ని పిలిచి ‘వన్ బై టూ’ అన్నాడు. ఒకే టీ రెండు కప్పుల్లో వచ్చింది, తాగారు. ఆ వారం కలవాలా వద్దా అని ఆలోచించుకునే అవకాశం వాళ్లకిచ్చి ఉంటే ఈ రోజుకీ ఆలోచిస్తూనే ఉండేవాళ్లు. 2014 జూన్ 2న రాష్ట్రం రెండైంది, మా బల్ల ఒకటిగానే ఉంది.

ఇంకొకటి చెప్పాలి. ఇరానీ టీలో డికాషను వేరే, పాలు వేరే. డికాషను మూత కింద సన్నసెగ మీద ఉడుకుతూనే ఉంటుంది, పాలు మరిగి చిక్కబడతాయి. అంత చిక్కటి టీలో ఉస్మానియా బిస్కెట్టు ఎంతసేపు ముంచాలో మా బ్యాంకువాడికి తెలిసినంతగా ఎవరికీ తెలియదు. అంచు తడిసి మధ్యలో కరకర మిగిలి ఉండగానే తీసేస్తాడు. ఒక గురువారం ఆ బిస్కెట్టు విరిగి కప్పులో పడింది. వాడు స్పూను కోసం చూడలేదు. రెండోది ముంచాడు, అదీ పడింది. బల్ల చుట్టూ మాటలు ఆగిపోయాయి. ‘ఏంట్రా?’ అంటే ‘ఏం లేదు’ అన్నాడు. పది నిమిషాలకి చెప్పాడు, వాళ్ల నాన్న బయాప్సీ రిపోర్టు వచ్చిందని. మర్నాడు పొద్దున ఆసుపత్రి మెట్ల మీద నలుగురం ఉన్నాం.

మీ హయాంలో ఏం జరిగిందో కూడా వినండి. నిరుడు మాలో ఒకడి ఉద్యోగం పోయింది. నాలుగు నెలల తర్వాత లింక్డిన్‌లో చూసి తెలుసుకున్నాం. ఆ నాలుగు నెలలూ గ్రూపులో వాడు అందరికీ బొటనవేళ్లు పెడుతూనే ఉన్నాడు.

మీరు ఎప్పుడు దూరారో సరిగ్గా గుర్తులేదు. ఒకడు కొండాపూర్‌లో ఫ్లాటు కొన్నాడు, ఒకడు బాచుపల్లిలో. ఒకడు డల్లాస్ పోయాడు. 2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చి హోటలు మూశారు. తర్వాత హోటలు తెరిచారు, మేమే తెరుచుకోలేదు. దూరం అంటారా? నాగోలు నుంచి రాయదుర్గం పోయే మెట్రో సికింద్రాబాద్ మీదుగానే పోతుంది. అందులో ఎక్కకుండా మీ భుజం ఎక్కాం.

2018లో కాన్సస్ విశ్వవిద్యాలయం ప్రొఫెసర్ జెఫ్రీ హాల్ ఒక లెక్క కట్టాడు. పరిచయస్తుడు దగ్గరి స్నేహితుడు కావడానికి 200 గంటలకి పైగానే కలిసి గడపాలట. వారానికి రెండు గంటల చొప్పున మేం రెండేళ్లలో ఆ పరీక్ష పాసయ్యాం. మీ పద్ధతిలో ఏడాదికోసారి, గంటన్నర. అంటే 133 ఏళ్లు. మా డల్లాస్‌వాడికి ఇప్పటికే షుగరు.

పోనీ ఆ గంటన్నరలోనైనా ఏం మాట్లాడతాం? అబ్బాయి ఇంజినీరింగ్ సీటు, మోకాలి నొప్పి, ప్లాటు రేటు. ముఖ్యాంశాలు చదివేసి లేచిపోతాం. ఆఫీసు లిఫ్టులో ఎవడో ఏదో అన్నాడని మనసు చివుక్కుమన్న సంగతి చెప్పడానికి ఏడాది ఆగలేం కదా. ఆగితే చెప్పాలనిపించదు.

మీ వంశం గురించి వాకబు చేశాను. మా చిన్నప్పుడు ఊళ్లో తలుపుల మీద ‘ఓ స్త్రీ రేపు రా’ అని రాసేవాళ్లు. రాత్రి వచ్చిన దయ్యం అది చదువుకుని బుద్ధిగా వెనక్కి పోయి, మర్నాడు వచ్చి మళ్లీ అదే చదువుకునేదట. మీరు ఆ ఇంటి బిడ్డే అని నా అనుమానం. వాళ్లు దయ్యాన్ని ఆపడానికి రాశారు. మేం గుంటూరువాణ్ని ఆపడానికి రాసుకుంటున్నాం.

ఇంతవరకు చదివి మా ఆవిడ నవ్వింది. కాలనీలో వాళ్ల చీటీ పన్నెండేళ్లుగా నడుస్తోంది. ప్రతి నెలా 5న, సాయంత్రం నాలుగింటికి, ఒక్కో నెల ఒక్కొక్కరింట్లో. పాట పది నిమిషాల్లో అయిపోతుంది. మిగతా రెండు గంటలు ఏం చేస్తారని నేనెప్పుడూ అడగలేదు. ‘డబ్బు కట్టడానికి పోతున్నాం అంటేనే ఇంట్లోంచి కదలనిస్తారు’ అంది. మగాడు ఊరికే టీ తాగడానికి పోతున్నానంటే చెల్లుతుంది, వాళ్లు లెక్కల పుస్తకం చంకన పెట్టుకోవాలి. ఇన్ని గురువారాలు పిల్లల హోంవర్కు ఎవరు చేయించారో కూడా రాయమంది. రాశాను.

ఆ చీటీ చూసే మేం బుద్ధి తెచ్చుకున్నాం. గురువారాలు మళ్లీ మొదలుపెట్టి మూడు వారాలైంది. పాలరాతి బల్ల పోయి స్టీలుది వచ్చింది, టీ 20 రూపాయలైంది. రానివాడు ఆ రాత్రి అందరి బిల్లూ కట్టాలి, అదొక్కటే రూలు. డల్లాస్‌వాడికీ మినహాయింపు లేదు. వారం వారం డబ్బు పంపిస్తూ, ‘నలుగురు కలిసి ఇన్ని చోటా సమోసాలు ఎలా తింటున్నార్రా’ అని అక్కడ పొద్దున్నే ఫోను చేస్తున్నాడు.

గురువారం, ఏడున్నర. మీరు మాత్రం రావద్దు. ఎలాగూ రారనుకోండి.

ఇట్లు,
మూడో బల్ల దగ్గర, గోడ వైపు కుర్చీ