వాల్వ్ దగ్గర ఆ సూత్రం పనికిరాదండి

మీ వ్యాసం బాగుంది గానీ, అందులో మీరు కోనసీమ గ్యాస్ బావుల దగ్గర వాల్వ్ దాటాక పైపు చల్లబడి చెమర్చడాన్ని ఆదర్శ వాయువు (అణువుల మధ్య ఆకర్షణ లేదని ఊహించుకున్న వాయువు) స్థిరోష్ణక వ్యాకోచంగా (బయటి వేడి తగలకుండా వ్యాపించడంగా) లెక్కకట్టడం సరికాదండి. ఆ వ్యాకోచానికి వాడే గామా సూత్రం (గామా అంటే వాయువు రెండు విశిష్టోష్ణాల నిష్పత్తి) వర్తించేది, వాయువు పిస్టన్‌ను నెట్టి పని చేసినప్పుడు, అదీ ఉత్క్రమణీయంగా (నష్టం లేకుండా, వెనక్కి తిప్పగలిగేలా) జరిగితేనే. వాల్వులో నెట్టడానికి ఏముంది? ఎంథాల్పీ (వాయువు అంతర్గత శక్తికి పీడనం, ఘనపరిమాణాల లబ్ధం కలిపిన మొత్తం) మారదు. నిజంగా ఆదర్శ వాయువే అయితే ఒక్క డిగ్రీ కూడా తగ్గదు! చల్లబరిచేది మీథేన్ అణువుల మధ్య ఆకర్షణ, అంటే జౌల్-థామ్సన్ ఫలితం: పీడనం ఒక్కో బార్ (దాదాపు వాతావరణ పీడనమంత) తగ్గితే సుమారు 0.4 డిగ్రీలు. 30 డిగ్రీల మీథేన్‌ను 100 బార్ నుంచి 50కి దించితే 10 డిగ్రీల దరిదాపుల్లో ఆగుతుంది. మీ సూత్రంలో గామా 1.31 వేస్తే మైనస్ 16! ఆ అంకె నమ్మి అంత పెద్ద హీటర్ పెడితే డబ్బు దండగ. అలాగని హీటరే వద్దనకండి, గ్యాస్‌లో తేమ ఉంటే సున్నాకు పైనే హైడ్రేట్ (నీరు, మీథేన్ కలిసిన మంచులాంటి పదార్థం) గడ్డకట్టి లైను పూడుకుపోతుంది.