రుజువు భారం ఆ ఇంటిది కాదు

వాషింగ్టన్‌లో 1991 అక్టోబరులో ఆవిష్కరించిన పోలీసు అమరుల స్మారకం గోడల మీద ఇప్పుడు 24,000కు పైగా పేర్లున్నాయి. అధ్యక్షుడు కెనెడీ హయాంలో 1962లో మొదలైన స్మారక దినం మే 15 దగ్గర పడే సరికి ఏటా ఆ గోడలకు కొత్త పేర్లు ఎక్కుతాయి. చూడవచ్చిన బంధువులు ఆ అక్షరాల మీద పల్చటి కాగితం పరిచి, పెన్సిలుతో రుద్ది, తమవారి పేరు అచ్చును ఇంటికి తీసుకుపోతారు. ఆ ఇళ్లలో మరో కాగితం కూడా ఉంటుంది. అది ఫెడరల్ ప్రభుత్వ పరిహారం కోసం పెట్టుకున్న దరఖాస్తు నకలు. పేరు రాతి మీదికి ఎక్కిన తరువాత కూడా ఆ దరఖాస్తు మీద నిర్ణయం వెలువడక ఎదురుచూసే కుటుంబాలు ఉండటం అమెరికా ప్రభుత్వం సిగ్గుపడవలసిన విషయమని ఈ పత్రిక భావిస్తోంది.

విధి నిర్వహణలో ప్రాణం కోల్పోయిన పోలీసు అధికారి లేదా అగ్నిమాపక ఉద్యోగి ఏ ఊరి కొలువులో ఉన్నా, ఆ కుటుంబానికి ఫెడరల్ ఖజానా నుంచి నేరుగా డబ్బు చెల్లించాలన్న చట్టం 1976 సెప్టెంబరులో అధ్యక్షుడు జెరాల్డ్ ఫోర్డ్ సంతకంతో అమల్లోకి వచ్చింది. అప్పట్లో ఆ మొత్తం 50,000 డాలర్లు. 1988లో దానిని లక్ష డాలర్లకు పెంచి, అక్కడి నుంచి ధరల సూచీని అనుసరించి ఏటా సవరించే ఏర్పాటు చేశారు. 2001 సెప్టెంబరు దాడుల తరువాత అది రెండున్నర లక్షలయింది. 2024 అక్టోబరు 1తో మొదలైన ఆర్థిక సంవత్సరంలో సంభవించిన మరణాలకు 4,48,575 డాలర్లుగా నిర్ణయించారు. ఈ సొమ్ముపై ఆదాయపు పన్ను ఉండదని 2015లో మరో చట్టం స్పష్టం చేసింది. జీవిత భాగస్వామికి, పిల్లలకు కళాశాల చదువు కోసం నెలనెలా సాయం కూడా ఉంది. పరిహారం మొత్తం తక్కువని మేము అనడం లేదు. ఆ మొత్తం ఇంటికి చేరే దారి గురించే మా బాధ.

ఆ దారి ఎలా ఉంటుందో చూడాలి. మరణ ధ్రువీకరణ పత్రం, పోస్టుమార్టం నివేదిక, రక్తంలో మద్యం, మత్తు పదార్థాల జాడపై పరీక్షా ఫలితాలు, సంఘటనపై శాఖ ఇచ్చే వివరణ, వివాహ పత్రం, పిల్లల జనన పత్రాలు, దంపతులలో ఎవరికైనా అంతకు ముందు పెళ్లి జరిగి ఉంటే అది రద్దయిన నాటి కోర్టు ఉత్తర్వులు కూడా జతచేయాలి. మరణించిన నాటి నుంచి మూడేళ్లలోగా దరఖాస్తు చేరాలి. అమెరికాలో దాదాపు 18,000 పోలీసు విభాగాలుంటే, వాటిలో సగానికి దగ్గరగా పదిమందికి లోపు అధికారులతో నడిచేవే. అలాంటి చోట ఈ ఫారాలు నింపవలసిన అధిపతి తన సర్వీసులో మొదటిసారి వాటిని చూస్తుంటాడు, పైగా తనతో కలిసి పనిచేసిన మనిషిని పోగొట్టుకున్న దుఃఖంలో ఉంటాడు. ఏ పత్రం కావాలో అతనికీ తెలియదు, ఆ ఇంటి ఇల్లాలికీ తెలియదు. 1984లో అమర పోలీసుల కుటుంబాలు తమలో తాము చేతులు కలిపి ఒక జాతీయ సంఘాన్ని ఏర్పరచుకున్నాయంటే, ముందు ఆ దెబ్బ తిన్నవారే తరువాత దెబ్బ తిన్నవారికి దారి చూపవలసి వచ్చిందంటే, ఆ పని చేయవలసిన వ్యవస్థ ఎంత దూరంగా నిలబడిందో అర్థమవుతుంది.

దరఖాస్తు తిరస్కరణకు గురైతే కథ మళ్లీ మొదటికి వస్తుంది. న్యాయశాఖలోని కార్యాలయం కాదంటే విచారణాధికారి ముందుకు వెళ్లాలి, ఆయన కాదంటే ఆ విభాగం డైరెక్టరు దగ్గరికి, అక్కడా కాదంటే ఫెడరల్ సర్క్యూట్ అప్పీళ్ల న్యాయస్థానానికి. ఒక్కొక్క మెట్టు మీద మరణం ఎలా జరిగిందన్నది మళ్లీ మొదటి నుంచి చెప్పుకోవాలి. స్మారకం గోడ మీద పేరు చేర్చేవారి కొలమానం వేరు, పరిహారం ఇచ్చే న్యాయశాఖ కొలమానం వేరు. కాబట్టి దేశమంతా అమరుడని తలవంచి నమస్కరించిన మనిషి మరణాన్ని, అదే దేశపు మరో కార్యాలయం విధి నిర్వహణలో జరిగినదిగా గుర్తించలేమని చెప్పడం సాధ్యమే. ఆ రెండు మాటలనూ ఒకే తల్లి విన్నప్పుడు ఆమె మనసు ఏమవుతుందో ఆలోచించమని అధికారులను కోరుతున్నాం.

1976 నాటి చట్టం తూటాను, ప్రమాదాన్ని, కంటికి కనబడే గాయాన్ని దృష్టిలో పెట్టుకుని రాసినది. పోలీసు ఉద్యోగం మనిషిని చంపే తీరులు అంతకంటే ఎక్కువ. దుండగుడిని వెంబడించి, పెనుగులాడి, ఇంటికి వచ్చాక గుండెపోటుతో కుప్పకూలిన అధికారి చాలాకాలం ఆ చట్టం పరిధిలోకి రాలేదు. 2003 డిసెంబరులో వచ్చిన సవరణ, తీవ్రమైన శ్రమతోనో ఒత్తిడితోనో కూడిన విధుల తరువాత 24 గంటల లోపు గుండెపోటు లేదా పక్షవాతం మొదలై ప్రాణం పోతే, దానిని విధి నిర్వహణలో జరిగిన మరణంగానే భావించాలని చెప్పింది. అయితే ఆ సవరణను అమలు చేసే నిబంధనలు 2006 ఆగస్టు దాకా వెలువడలేదు. ఏది రోజువారీ మామూలు పని, ఏది అసాధారణమైన శ్రమ అన్న వాదనలో ఎన్నో ఫైళ్లు చిక్కుకుపోయాయి. చట్టసభ ఒక్క వాక్యంలో ఇచ్చిన ఊరటను కార్యాలయం నిర్వచనాల మధ్య నలిపేయగలదనడానికి ఇంతకంటే వేరే ఉదాహరణ అవసరం లేదు.

ఈ చట్టం విస్తరించిన ప్రతిసారీ దాని వెనుక అందరి కళ్లెదుటా జరిగిన ఒక విషాదం ఉంది. న్యూయార్క్ అగ్నిమాపక శాఖ చాప్లిన్ (ఆ శాఖ సిబ్బందికి తోడుండే మతగురువు) మైకల్ జడ్జ్ 2001 సెప్టెంబరు 11న ప్రపంచ వాణిజ్య కేంద్రం దగ్గర మరణించారు. ఆయన పేరుతోనే 2002లో వచ్చిన చట్టం చాప్లిన్లను కూడా పరిధిలోకి తెచ్చింది. భార్య, పిల్లలు లేనివారి విషయంలో జీవిత బీమాలో రాసిన నామినీకి పరిహారం దక్కే వీలును కూడా అదే చట్టం కల్పించింది. కోవిడ్ వచ్చి పోలీసుల ప్రాణాలు తీస్తున్నప్పుడు, చివరిసారి విధులకు హాజరైన తరువాత 45 రోజుల లోపు వ్యాధి నిర్ధారణ అయితే అది ఉద్యోగంలోనే సోకినట్లు పరిగణించాలని 2020 ఆగస్టులో మరో చట్టం చేశారు. ఎక్కడ సోకిందో రుజువు చేయమని ఒక వితంతువును అడగడం అసాధ్యాన్ని అడగడమేనని చట్టసభ అప్పుడు గ్రహించింది. ఆ గ్రహింపును మేము మనసారా హర్షిస్తున్నాం. కానీ పెద్ద వార్తగా మారని మరణాలు, ఒక్కొక్కటిగా ఒక్కొక్క ఊరిలో జరిగినవి, చట్టం కళ్లు తెరవక ముందే జరిగిపోయినవి ఎన్ని ఉన్నాయో! ఆ ఇళ్లకు ఏ సవరణా చేరలేదు.

అన్నిటికంటే కఠినమైన ప్రశ్న ఆత్మహత్యలది. 1976 చట్టం ఉద్దేశపూర్వకంగా తెచ్చుకున్న మరణాన్ని తన పరిధి నుంచి పూర్తిగా మినహాయించింది. 2021 జనవరి 6న అమెరికా చట్టసభ భవనం మీద దాడి జరిగినప్పుడు అక్కడ నిలబడి ఎదుర్కొన్న అధికారులలో కొందరు ఆ తరువాతి రోజుల్లో ప్రాణాలు తీసుకున్నారు. వారి కుటుంబాలు నోరు విప్పి అడిగాయి. 2022 ఆగస్టులో అధ్యక్షుడు బైడెన్ సంతకం చేసిన చట్టం, విధుల్లో ఎదురైన ఘోరాల వల్ల కలిగిన మానసిక గాయాన్ని కూడా గాయంగానే గుర్తించి, ఆ గాయం ఆత్మహత్యకు దారితీసిన సందర్భాల్లో కుటుంబాలకు పరిహారపు తలుపు తెరిచింది. యాభై ఏళ్లకు దగ్గరపడుతున్న చట్ట చరిత్రలో ఇది అత్యంత మానవీయమైన మార్పు అన్నది మా నిశ్చితాభిప్రాయం.

అయినా ఒక చిక్కు మిగిలే ఉంది. పసివాడి శవాన్ని శిథిలాల నుంచి చేతులతో ఎత్తిన అధికారి ఆ రాత్రి నుంచి నిద్రపోలేదని భార్యకు తెలుసు. కానీ అతడు ఆ సంగతి ఏ వైద్యుడికీ చెప్పి ఉండడు. చెబితే తుపాకీ వెనక్కి తీసుకుంటారని, బల్ల దగ్గరి పనికి మారుస్తారని, తోటివారు బలహీనుడనుకుంటారని భయం. అతడు మౌనంగా భరించినందువల్లే ఫైలులో వైద్య ఆధారం ఉండదు, ఆధారం లేనందువల్ల జబ్బే లేదన్న నిర్ణయానికి రావడం ఫైలు చూసేవారికి సులువవుతుంది. ఇలాంటి దరఖాస్తుల్లో సహోద్యోగుల వాంగ్మూలానికి, విధుల రిజిస్టర్లలో ఉన్న సంఘటనలకు, భార్యాపిల్లలు చెప్పే మాటకు వైద్యపత్రంతో సమానమైన బరువు ఇవ్వాలి. ఆ ఉద్యోగ సంస్కృతి చేసిన తప్పుకు చనిపోయినవాడి పిల్లలు శిక్ష అనుభవించరాదు.

జాప్యం గురించి కొత్తగా చెప్పవలసింది తక్కువ. న్యాయశాఖలో అంతర్గత తనిఖీలు జరిపే ఇన్‌స్పెక్టర్ జనరల్ 2015లోనే ఈ పథకాన్ని ఆడిట్ చేసి ఆలస్యాన్ని ఎత్తిచూపారు. 2017 జూన్‌లో వచ్చిన సవరణ చట్టం, పెండింగులో ఉన్న దరఖాస్తుల వివరాలను బహిరంగంగా ఉంచాలని, స్థానిక విభాగం తేల్చిన విషయాలకు తగిన విలువ ఇవ్వాలని, మరణించిన అధికారి తప్పు చేశాడని చెప్పాలంటే బలమైన, స్పష్టమైన ఆధారం ఉండాలని నిర్దేశించింది. ప్రభుత్వం తేల్చేలోగా వయసు దాటిపోయి చదువు సాయం కోల్పోయిన పిల్లలకు ఊరట కూడా ఆ చట్టంలోనే ఉంది. ఆ నిబంధన రాయవలసి రావడమే ఒక విషాదం. తండ్రి పోయిననాడు బడిలో ఉన్న బిడ్డ, కాగితం కదిలేసరికి ఆ సాయానికి పెట్టిన 27 ఏళ్ల గీత దగ్గరికి వచ్చేసిందంటే, ఆలస్యం ఎంతటిదో వేరే గణాంకాలు చెప్పనక్కరలేదు.

ఫెడరల్ పరిహారం ఒకేసారి వచ్చే మొత్తం. ఆ తరువాత ఇల్లు నడవవలసింది పింఛనుతోనూ, ఆరోగ్య బీమాతోనూ. ఇవి రాష్ట్రానికో తీరుగా, కొన్నిచోట్ల నగరానికో తీరుగా ఉన్నాయి. ఇల్లినాయిలో అమరుడి కుటుంబానికి ఆరోగ్య బీమా కొనసాగించాలని చట్టమే ఉంది. అలాంటి చట్టం లేనిచోట కొలువుతోపాటే బీమా పోతుంది, అప్పుడే పిల్లలకు మానసిక చికిత్స అన్నిటికంటే అవసరమై ఉంటుంది. పునర్వివాహం మీది ఆంక్షలు మరీ అన్యాయం. ఫెడరల్ ఉద్యోగుల పింఛను నిబంధనల్లో కూడా, సాధారణంగా 55 ఏళ్లకు ముందు మళ్లీ పెళ్లి చేసుకున్న జీవిత భాగస్వామికి పింఛను ఆగిపోతుంది. ముప్ఫై ఏళ్ల వయసులో భర్తను పోగొట్టుకున్న స్త్రీని, తోడు కావాలో పిల్లల పోషణ కావాలో ఏదో ఒకటి తేల్చుకోమనడమే ఇది. ఆ పింఛను ఆమె ఒంటరితనానికి ఇచ్చే భృతి కాదు, అతడు ప్రాణంతో చెల్లించి సంపాదించినది. మరో పెళ్లితో ఆ చెల్లింపు వెనక్కి పోదు గదా.

ప్రజాధనం గనుక తనిఖీ ఉండాలనేవారి మాటను మేము కాదనడం లేదు. మత్తులో ఉండి, లేదా ఉద్దేశపూర్వకమైన దుష్ప్రవర్తన వల్ల మరణించిన సందర్భాలను చట్టం మొదటి నుంచీ మినహాయిస్తూనే ఉంది, అది ఉండవలసినదే. పోలీసు వ్యవస్థ మీద అమెరికా సమాజంలో నడుస్తున్న తీవ్రమైన చర్చలో న్యాయమైన ప్రశ్నలున్నాయని కూడా ఈ పత్రిక అంగీకరిస్తుంది. కానీ ఆ చర్చ భారాన్ని ఒక వితంతువు దరఖాస్తు మీద మోపకూడదు. తనిఖీకి కావలసిన సంఘటన నివేదికలు, రేడియో సంభాషణల రికార్డులు, శవపరీక్ష ఫలితాలు అన్నీ ఏదో ఒక ప్రభుత్వ కార్యాలయంలోనే ఉన్నాయి. వాటిని ఒక చోటి నుంచి మరో చోటికి మోసే కూలీగా బాధిత కుటుంబాన్ని మార్చడం తనిఖీ అనిపించుకోదు.

అందుకే దరఖాస్తు పెట్టే బాధ్యతను పూర్తిగా శాఖ మీదే ఉంచాలని, చిన్న విభాగాలకు ఈ పని తెలిసిన వ్యక్తిని రాష్ట్ర స్థాయి నుంచి వారంలోగా పంపాలని మేము కోరుతున్నాం. తిరస్కరించాలంటే కారణం చూపే భారం ప్రభుత్వానిది కావాలి. ఏడాదిలోగా తేల్చకపోతే దరఖాస్తు ఆమోదం పొందినట్లే భావించాలి. కుటుంబానికి తక్షణావసరాల కోసం మధ్యంతరంగా కొంత చెల్లించే వీలు 1976 చట్టంలోనే, 3,000 డాలర్ల పరిమితితో ఉంది. తరువాత ఆ పరిమితిని పెంచారు. కానీ అడిగితే, అర్హత ఉందని తోస్తే ఇచ్చేదిగా ఉన్న ఆ చెల్లింపు, అడగకుండానే అంత్యక్రియల లోపు అందేలా మారాలి. ఇంటి అద్దె గడువు దుఃఖం తీరేదాకా ఆగదు.

ఈలోగా ఏ చట్టసభ అనుమతీ అక్కరలేని పని ఒకటుంది. కొలువులో చేరిన రోజున రాసి ఇచ్చిన నామినీ పత్రాన్ని చాలామంది మళ్లీ చూడరు. పెళ్లి జరుగుతుంది, విడాకులవుతాయి, బిడ్డ పుడుతుంది, పత్రంలో మాత్రం పాత పేరే ఉంటుంది. ప్రతి పోలీసు విభాగాధిపతి ఏడాదికొకసారి, తుపాకీ పరీక్ష జరిపే రోజునే, ప్రతి అధికారి చేతా ఆ పత్రాన్ని తిరిగి చదివించి, సరిదిద్దించి, తేదీ వేయించి భద్రపరచాలి.