సముద్రం మధ్యలో హనుమంతుడు

గుంటూరు మిర్చి యార్డులో మా మావయ్య కళ్లు కప్పినవాడు ఇంకా పుట్టలేదని ప్రతీతి. టిక్కీ (మిర్చి బస్తా) పైన ఎంత ఎర్రటి కాయ పేర్చినా ఆయన చెయ్యి నేరుగా అడుక్కి పోతుంది. తేమ, తాలు, రంగు దిగిన పాత సరుకు, ఏదైనా బయటపడాల్సిందే. అంతటి మనిషి లాడ్జి సెంటర్ దగ్గర రోడ్డు పక్కన ‘సంపూర్ణ రామాయణం, ఒరిజినల్’ అని రాసి ఉన్న డీవీడీల పెట్టెను అట్ట మెరుపు చూసి కొనేశాడు.

లోపల మూడే డిస్కులు. 1987లో దూరదర్శన్‌లో మొదలైన రామానంద్ సాగర్ సీరియల్ 78 భాగాలు, ఒక్కొక్కటి అరగంట పైమాటే. అంటే డిస్కుకు 26 భాగాలు, 13 గంటలకు పైగా! 4.7 జీబీ డిస్కులో బొమ్మ చెడకుండా పట్టేది సుమారు రెండు గంటలు. రెండు పొరల 8.5 జీబీ రకమైనా నాలుగు గంటలు. క్వింటాళ్ల లెక్కలు నోటితో కట్టే మావయ్యకు ఈ భాగహారం తట్టలేదు. పోనీ, డిస్కు అడుగైనా చూశాడా? ఫ్యాక్టరీలో అచ్చయినదాని అడుగు వెండి రంగులో మెరుస్తుంది. కంప్యూటర్‌లో రాసుకునేదాని అడుగు సాధారణంగా ఊదా రంగుకు తిరుగుతుంది. ఇవి మూడూ నిగనిగలాడే ఊదా. అట్ట మీద దర్శకుడి పేరులో ఒక ‘న’ కూడా ఎగిరిపోయింది.

ఆదివారం అమ్మమ్మ తలస్నానం చేసి, టీవీకి బొట్టు పెట్టి, కొబ్బరికాయ కొట్టింది. తెర మీద మొహాలన్నీ గళ్లుగళ్లుగా ఉన్నాయి. దశరథుడెవరో, వసిష్ఠుడెవరో గొంతును బట్టి పోల్చుకున్నాం. కైకేయి వరాలు అడగకుండానే రాముడు అడవిలో తేలాడు. రెండో డిస్కులో హనుమంతుడు లంకకు ఎగిరి, సరిగ్గా సముద్రం మధ్యలో, కాళ్లు చాపి ఆగిపోయాడు. మావయ్య డిస్కు తీసి, పంచె అంచుతో తుడిచి మళ్లీ పెట్టాడు. హనుమంతుడు కదలలేదు.

“తొందరెందుకురా? మైనాక పర్వతం అక్కడే కదా లేచేది, కాస్త అలుపు తీర్చుకోనీ” అంది అమ్మమ్మ.

సాయంత్రం మావయ్య పెట్టె పట్టుకుని పోట్లాటకు వెళ్లాడు. కుర్రవాడు ఏమాత్రం తొణకలేదు.

“సముద్రం దాటే డిస్కు విడిగా ఉందండీ. 50 రూపాయలు.”

మావయ్య అరగంట బేరమాడి 40కి తెచ్చాడు.